బిడ్డ తన నేల మీదే పెరగాలి

(దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్మృతిలో చిరాగ్‌పల్లిలో చేసిన ప్రసంగ పాఠం)

 

దుర్గాబాయమ్మను తలుచుకుంటూ మాట్లాడమన్నారు. ఆమె స్వాతంత్ర్య సమరంలో జైలుకు వెళ్ళారు, రాజ్యాంగ సభలో కూర్చున్నారు, ప్రణాళికా సంఘంలో సభ్యురాలయ్యారు. ఇవి అందరికీ తెలిసినవే. నేను ఈరోజు గుర్తు చేయదలచింది ఆమె నమ్మిన ఒక్క విషయాన్ని. సేవ చేయాలంటే మంచి మనసు ఒక్కటే సరిపోదు, తర్ఫీదు కావాలని ఆమె నమ్మారు. మద్రాసు మైలాపూరులో బెనారస్ మెట్రిక్ పరీక్షకు ఆడవాళ్ళను తయారు చేయడంతో మొదలైన ఆమె పని 1937లో ఆంధ్ర మహిళా సభగా నిలబడింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలై పల్లెలకు బాలవాడీలు, ప్రసూతి సేవలు చేరాలని పథకాలు వేసినప్పుడు ఆమెకు ఎదురైన మొదటి ప్రశ్న, ఆ పని చేయగల మనుషులు ఎక్కడ అని. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలకు, వితంతువులకు, భర్తలు వదిలేసినవాళ్ళకు తక్కువ కాలంలో చదువు పూర్తి చేయించే సంక్షిప్త కోర్సులను బోర్డు 1958లో మొదలుపెట్టింది. అలా చదువుకున్నవాళ్ళలో ఎందరో టీచర్లయ్యారు, నర్సులయ్యారు, గ్రామసేవికలయ్యారు. దయ ఉన్న మనిషి చేతికి విద్య అందించడమే దుర్గాబాయమ్మ పని అని నేననుకుంటాను.

ఆ పని ఇంకా మొదలుకాని చోటు ఒకటి ఉంది. కన్నవాళ్ళ దగ్గర ఉండలేని పిల్లల్ని తమ ఇంట్లో పెట్టుకుని సాదే కుటుంబాల సంగతి అది. ఆఫీసుల్లో దాన్ని ఫోస్టర్ కేర్ అంటారు. నేను పెంపక కుటుంబం అంటాను. దత్తతకూ దీనికీ తేడా ఉంది. దత్తతలో బిడ్డ శాశ్వతంగా ఆ ఇంటిదవుతుంది. పెంపకంలో బిడ్డకు తన పేరు, తన ఇంటిపేరు, తన కన్నవాళ్ళు అలాగే ఉంటారు. తల్లి జబ్బు నయమయ్యేదాకా, తండ్రి కుదురుకునేదాకా, లేదా బిడ్డ పెద్దదయ్యేదాకా మరో కుటుంబం సాదుతుంది.

2016 జనవరి నుంచి అమల్లో ఉన్న బాలల న్యాయ చట్టం, 2015లో 44వ సెక్షన్ ఈ విషయం చెప్తుంది. జిల్లాలోని బాలల సంక్షేమ సమితి ఉత్తర్వుతోనే బిడ్డను పెంపక కుటుంబానికి అప్పగించాలి. కుటుంబాన్ని ఎంచుకునేటప్పుడు వాళ్ళ శక్తి, ఉద్దేశం, పిల్లల్ని పెంచిన అనుభవం చూడాలి. అన్నదమ్ములను, అక్కచెల్లెళ్ళను వీలైనంతవరకు విడదీయకూడదు. బిడ్డ మేలుకు అడ్డు లేనంతవరకు కన్నవాళ్ళు వచ్చి చూసుకోవచ్చు. సమితి ప్రతి నెలా ఆ ఇంటికి వెళ్ళి తనిఖీ చేయాలి. మిషన్ వాత్సల్య పథకం కింద బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇవ్వవచ్చు. 2024లో కేంద్రం సవరించిన మార్గదర్శకాల ప్రకారం 35 నుంచి 60 ఏళ్ళ మధ్య ఉన్న ఒంటరి వ్యక్తులు కూడా పెంపకానికి ముందుకు రావచ్చు. అంటే పెళ్ళి కాని టీచరమ్మ రావచ్చు, భర్త పోయిన తల్లి రావచ్చు.

చట్టం మంచిదే. కానీ చట్టం బిడ్డను గుమ్మం దాకా తెచ్చి వదులుతుంది. గుమ్మం లోపల ఏం జరుగుతుందో చెప్పాల్సింది తర్ఫీదు.

కొత్త ఇంటికి వచ్చిన ఆరేళ్ళ పాప రాత్రి జొన్నరొట్టె ముక్క దుప్పట్లో దాచుకుంటుంది. తెలియని తల్లి అది దొంగబుద్ధి అనుకుంటుంది. తెలిసిన తల్లికి అది ఆకలి రోజుల జ్ఞాపకమని అర్థమవుతుంది. పాప పక్కన రెండు రొట్టెలు గిన్నెలో పెట్టి, 'ఇవి నీవే, పొద్దున కూడా ఉంటాయి' అని చెప్తుంది. ఎనిమిదేళ్ళ బాబు పక్క తడుపుతాడు. పదేళ్ళ అమ్మాయి వచ్చిన మొదటి గంటలోనే అమ్మా అని పిలుస్తుంది, వీధిలో పోయే మరో ఆమెనూ అలాగే పిలుస్తుంది. కన్నతల్లి వచ్చి చూసి వెళ్ళిన సాయంత్రం పిల్లవాడు పళ్ళెం విసిరేస్తాడు. పెంచే తల్లికి అది కృతఘ్నతగా కనిపిస్తుంది. నిజానికి ఆ బిడ్డ పోగొట్టుకున్నదాన్ని మళ్ళీ ఒకసారి పోగొట్టుకున్నాడు. ఇవన్నీ ప్రేమ ఉన్నంత మాత్రాన తెలిసిపోయేవి కావు. మన కడుపున పుట్టిన పిల్లల్ని పెంచిన అనుభవం కూడా వీటికి చాలదు. తెలియక కొట్టిన దెబ్బ, తెలియక అన్న మాట ఆ బిడ్డను ఇంకో గుమ్మానికి తోస్తాయి. ఒక్కో గుమ్మం మారినకొద్దీ బిడ్డ మనుషుల్ని నమ్మడం మానేస్తుంది.

ప్రపంచం ఈ సంగతి ఎలా నేర్చుకుందో చెప్తాను. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్ళు లేని పిల్లల గురించి అధ్యయనం చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ బ్రిటన్ వైద్యుడు జాన్ బౌల్బీని కోరింది. 1951లో ఆయన ఇచ్చిన నివేదిక, పసిబిడ్డ ఒంటికి విటమిన్లు, ప్రొటీన్లు ఎంత అవసరమో మనసుకు తల్లి ప్రేమ, లేదా ఆ స్థానంలో నిలకడగా ఉండే ఒకే మనిషి ప్రేమ అంత అవసరమని చెప్పింది. ఆయనతో పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్, భార్య జాయిస్ ఆ మాటను కళ్ళకు కట్టారు. తల్లి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఇతరుల దగ్గర గడపాల్సి వచ్చిన ఐదుగురు పసిపిల్లల మీద వాళ్ళు 1960ల చివరి నుంచి సినిమాలు తీశారు. వారిలో పదిహేడు నెలల జాన్ తొమ్మిది రోజులు ఒక శిశు నిలయంలో ఉన్నాడు. అక్కడి ఆయాలు చెడ్డవాళ్ళు కారు. కానీ పూటకొకరు మారేవాళ్ళు. బాబు మొదట వాళ్ళ వెంటపడ్డాడు, తర్వాత ఏడ్చాడు, తర్వాత తిండి మానేశాడు. చివరికి తల్లి వస్తే ఆమె దగ్గరికే పోనన్నాడు.

మిగతా నలుగురిని రాబర్ట్‌సన్ దంపతులు తమ ఇంట్లోనే పెట్టుకున్నారు. జాయిస్ ఆ పిల్లలకు పూర్తికాలపు పెంపుడు తల్లి అయింది. ఆమె చేసినవి ఖర్చు లేని పనులు. బిడ్డ రాకముందే ఆ ఇంటి అలవాట్లు కనుక్కుంది: ఏం తింటుంది, ఎలా నిద్రపోతుంది, ఏ మాటకు నవ్వుతుంది. బిడ్డ దుప్పటి, బొమ్మలు వెంట తెప్పించింది. తల్లి ఫోటో చూపిస్తూ అమ్మ గురించి రోజూ మాట్లాడింది. తండ్రి వచ్చి పోయేలా చూసింది. ఆ పిల్లలూ బెంగపడ్డారు, కోపపడ్డారు, కానీ జాన్‌లా విరిగిపోలేదు. కన్నతల్లి స్థానాన్ని ఆక్రమించకుండా బిడ్డకు తోడుగా ఉండటం నేర్చుకోగల విద్య అని ఆ సినిమాలు చూపించాయి. 

ఈ విద్యను ఒక దేశం ఇంకో దేశానికి ఎలా అందించగలదో, దేశాల మధ్య సహకారం అంటే ఏమిటో తెలియాలంటే రుమేనియా సంగతి వినాలి. 1989 డిసెంబరులో నియంత చౌషెస్కు పాలన కూలేనాటికి అక్కడ లక్షకు పైగా పిల్లలు ప్రభుత్వ నిలయాల్లో ఉన్నారు. వరస మంచాలు, మాట్లాడే మనిషి లేని గదులు. అమెరికా శాస్త్రవేత్తలు చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా రుమేనియా సహచరులతో కలిసి 2000 సంవత్సరం నాటికి బుకారెస్ట్‌లో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. ఆరు నిలయాల నుంచి 136 మంది పసిపిల్లల్ని తీసుకుని, చీటీ పద్ధతిలో సగం మందిని పెంపక కుటుంబాలకు పంపారు. అప్పటికి ఆ నగరంలో పెంపక కుటుంబాలు దాదాపు లేవు. వెతికి, మాట్లాడి, తర్ఫీదిచ్చి 56 ఇళ్ళను తయారు చేశారు. రుమేనియా సోషల్ వర్కర్లు ఆ ఇళ్ళకు పదేపదే వెళ్ళేవారు. చిక్కు వచ్చినప్పుడు అమెరికాలోని అనుభవజ్ఞులతో సంప్రదించేవారు.

ఫలితాలు 2007లో సైన్స్ పత్రికలో వచ్చాయి. నాలుగున్నరేళ్ళ వయసులో, నిలయంలో ఉండిపోయిన పిల్లల కంటే కుటుంబాల్లో పెరిగిన పిల్లల తెలివితేటల స్కోరు సగటున 8 పాయింట్లు ఎక్కువగా ఉంది. రెండేళ్ళు నిండకముందే ఇల్లు దొరికినవాళ్ళు ఇంకా బాగున్నారు. రుమేనియా ప్రభుత్వం 2004లో చట్టం చేసి, తీవ్ర వైకల్యం ఉన్నవాళ్ళను మినహాయించి రెండేళ్ళలోపు పిల్లల్ని నిలయాల్లో పెట్టడాన్ని నిషేధించింది. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. సాయం పేరుతో పిల్లల్ని అమెరికాకు పంపే బదులు బుకారెస్ట్‌లోనే ఇళ్ళు తయారు చేశారు. విద్య సముద్రం దాటి వచ్చింది, బిడ్డ తన భాష వినిపించే వీధిలోనే పెరిగింది.

ఈ మాట చిరాగ్‌పల్లిలో నొక్కి చెప్పడానికి కారణం ఉంది. 1999లో, మళ్ళీ 2001లో తెలంగాణ లంబాడా తండాల నుంచి ఆడ పసికందులను కొని, విదేశీ దత్తతకు పంపే వ్యాపారం బయటపడింది. పేదరికం ఒకవైపు, ఆడపిల్ల అంటే భారం అనే బుద్ధి ఒకవైపు, డాలర్లు ఒకవైపు. మధ్యలో ఊరూ పేరూ మార్చిన కాగితాల మీద బిడ్డలు. అరెస్టులు జరిగాయి, కేసులు నడిచాయి. ఇష్టపడి దత్తత తీసుకున్న విదేశీ తల్లిదండ్రుల్లో చాలామందికి తమ బిడ్డ ఎలా వచ్చిందో తెలియదు. కన్నతల్లుల్లో ఎందరికో తమ బిడ్డ ఎక్కడుందో ఈనాటికీ తెలియదు. నాడు దేశాల మధ్య సహకారం అనే పేరుతో హద్దులు దాటింది బిడ్డలు. ఆ గాయం మన తండాల్లో ఇంకా ఉంది. అందుకే బయటి దేశాల నుంచి సాయం అనగానే మనవాళ్ళు అనుమానంగా చూస్తారు. ఆ అనుమానం న్యాయమైనదే. కానీ దానికి భయపడి తలుపులన్నీ మూసుకుంటే నష్టపోయేది మళ్ళీ ఆ పిల్లలే.

ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 20వ అధికరణం, కుటుంబం లేని బిడ్డకు ప్రత్యామ్నాయం చూపించే బాధ్యత ప్రభుత్వానిదని చెప్తుంది. పెంపక కుటుంబం, ఇస్లామ్ సంప్రదాయంలోని కఫాలా, దత్తత, అవసరమైతే తగిన నిలయం అని వరస చెప్పి, బిడ్డ మతం, సంస్కృతి, భాష తెగిపోకుండా చూడాలంటుంది. మన దేశం 1992లో ఆ ఒడంబడికలో చేరింది. తెలుగు, ఉర్దూ, కన్నడ, లంబాడీ ఒకే వీధిలో వినిపించే ఈ జహీరాబాద్ ప్రాంతానికి ఆ అధికరణం అచ్చంగా సరిపోతుంది. ఇక్కడ ఒక ముస్లిం బిడ్డకు ముస్లిం ఇల్లు, తండా బిడ్డకు తండా ఇల్లు వెతకడం కష్టం కాదు. వెతికేవాళ్ళు కావాలి, ఆ ఇంటివాళ్ళకు నేర్పేవాళ్ళు కావాలి.

ఎలా నేర్పుతారు? అమెరికాలో 1990ల మొదట్లో తయారైన ప్రైడ్ అనే శిక్షణ ఫిన్లాండ్, నార్వే, స్వీడన్ లాంటి దేశాలకూ వెళ్ళింది. బిడ్డను అప్పగించకముందే తొమ్మిది విడతల్లో 27 గంటలు నేర్పుతారు. ఐదు సంగతులు ఉంటాయి: బిడ్డను కాపాడి పోషించడం, వెనకబడిన ఎదుగుదలను గుర్తించడం, కన్న కుటుంబంతో బంధం నిలబెట్టడం, జీవితాంతం నిలిచే మనుషుల్ని బిడ్డకు చూపించడం, అధికారులతో కలిసి ఒక జట్టుగా పనిచేయడం. మూడోది మనవాళ్ళకు కష్టంగా అనిపిస్తుంది. నేను పెంచుతున్న బిడ్డను కన్నతల్లికి దగ్గర చేయడమేమిటి అనిపిస్తుంది. అక్కడే తర్ఫీదు అవసరం.

ముందు నేర్పితే సరిపోదని కూడా అనుభవం చెప్పింది. అసలు ప్రశ్నలు బిడ్డ ఇంటికి వచ్చాకే పుడతాయి. కాలిఫోర్నియాలోని శాన్ డియేగోలో 700 పెంపక కుటుంబాలతో కీప్ అనే పద్ధతిని పరీక్షించారు. వారానికోసారి, 16 వారాలు, పెంచేవాళ్ళు గుంపుగా కూర్చుని ఆ వారం ఇంట్లో జరిగినదాన్ని మాట్లాడుకున్నారు. వాళ్ళు కూర్చున్నంతసేపూ పిల్లల్ని ఆడించే ఏర్పాటు చేశారు. ఆ ఇళ్ళలో పిల్లల మొండితనం, గొడవలు తగ్గాయి. 2004లో సియాటిల్‌లో పుట్టిన మాకింగ్‌బర్డ్ పద్ధతి ఇంకొకటి. అనుభవం ఉన్న ఒక ఇంటిని కేంద్రంగా పెట్టి, చుట్టూ ఆరు నుంచి పది పెంపక కుటుంబాలను కలుపుతారు. ఎవరికైనా జ్వరమొస్తే, అలసిపోతే, బిడ్డ అలిగితే ఆ రాత్రి బిడ్డ కేంద్రం ఇంట్లో పడుకుంటుంది. నెలకోసారి అందరూ కలిసి తింటారు. 2015 నుంచి బ్రిటన్ దీన్ని తెచ్చుకుని నడుపుతోంది.

ఇది విన్నప్పుడు మీకు సంఘం గుర్తుకు వచ్చి ఉంటుంది. ఈ ప్రాంతానికి ఇది కొత్త కాదు. పక్కనే పస్తాపూర్‌లో 1983లో మొదలైన డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత స్త్రీల సంఘాలతో పనిచేసింది. పి.వి. సతీష్ గారు 2023లో పోయేదాకా ఆ పనికి అండగా నిలిచారు. చదువు రాని స్త్రీలు విత్తనాలు దాచారు, కెమెరాలు పట్టుకుని సినిమాలు తీశారు, 2008లో మాచనూరులో సంఘం రేడియో మొదలుపెట్టారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ వాళ్ళకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. తిండి, విత్తనం విషయంలో ప్రపంచం ఈ నేల దగ్గర నేర్చుకుంది. పిల్లల పెంపకం విషయంలో ప్రపంచం దగ్గర మనం నేర్చుకోవడంలో చిన్నతనం లేదు. నేర్చుకున్నదాన్ని నడపగల సంఘాలు మన ఊళ్ళలో ఇప్పటికే ఉన్నాయి.

మన దేశంలోనూ దారులు వేసినవాళ్ళున్నారు. తల్లిదండ్రులు లేని పిల్లల్ని సాదే బంధువులకు రాజస్థాన్ ప్రభుత్వం 2005 నుంచి పాలన్‌హార్ పథకం కింద నెలనెలా డబ్బు ఇస్తోంది. మహారాష్ట్రలో బాలసంగోపన్ పథకం ఉంది. ఉదయన్ కేర్ సంస్థ 2014 నుంచి దక్షిణాసియా దేశాల నిపుణుల్ని ఒక చోట కూర్చోబెట్టి, కుటుంబం లేని పిల్లల పెంపకం మీద సదస్సులు జరుపుతోంది. ఈ జ్ఞానమంతా ఇంగ్లీషులోనూ, హిందీలోనూ తిరుగుతోంది. చిరాగ్‌పల్లిలో ఒక తల్లి చేతికి తెలుగులో ఇవ్వగల పుస్తకంగా అది రావాలి.

ఇంకో హద్దు సంగతి చెప్పాలి. ఈ ఊరు 65వ నంబరు జాతీయ రహదారి మీద రాష్ట్రం చివర ఉంది. హద్దు దాటితే కర్ణాటక. 1956కు ముందు జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల మధ్య గీత పడింది, చుట్టరికాలు గీతకు రెండువైపులా మిగిలాయి. బిడ్డ ఇటువైపు దొరుకుతుంది, మేనమామ ఇల్లు అటువైపు ఉంటుంది. బిడ్డను సొంత ప్రాంతానికి పంపే వీలు బాలల న్యాయ చట్టం 95వ సెక్షన్‌లో ఉంది. కానీ ఆ బిడ్డను పెంచబోయే మేనత్తకు ఇటువైపు తెలుగులో ఒక రకం తర్ఫీదు, అటువైపు కన్నడలో మరో రకం తర్ఫీదు ఇస్తే ఏం లాభం? సంగారెడ్డి, బీదర్ జిల్లాల సంక్షేమ సమితులు మూడు నెలలకోసారి కలిసి కూర్చోవాలి. రెండు రాష్ట్రాలు కలిసి చేయలేని పనికి వేరే ఖండాల నుంచి సాయం అడిగి ప్రయోజనం లేదు.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. మొదటిది, తెలుగు, ఉర్దూ, కన్నడ, లంబాడీ భాషల్లో పెంపక కుటుంబాల తర్ఫీదు పాఠాలు తయారు కావాలి. చదవలేనివాళ్ళ కోసం వాటిని రేడియోలో, ఫోన్‌లో వినిపించాలి. రెండోది, తర్ఫీదుకు వచ్చిన రోజుకు కూలి డబ్బు ఇవ్వాలి. ఈ పొలాల్లో పనిచేసే తల్లి కూలి పోగొట్టుకుని తొమ్మిది విడతలు రాలేదు. మూడోది, నెలకు 4,000 రూపాయలు నెలనెలా పడాలి. ఆరు నెలలకు ఒకసారి వచ్చే డబ్బు బిడ్డకు పాలు కాదు, అప్పు తీర్చే సొమ్ము అవుతుంది. నాలుగోది, నెలవారీ తనిఖీకి వచ్చే మనిషి అల్మారా, బాత్రూమ్ చూసి పోకూడదు. ఆ ఇంటి తల్లిని కూర్చోబెట్టి, 'ఈ నెల ఏది కష్టమైంది?' అని అడగాలి.

ఐదోది, విదేశాల్లో ఉన్న మన తెలుగువాళ్ళకు చెప్తున్నాను. పుట్టినరోజుకు అనాథాశ్రమానికి భోజనాలు పెట్టిస్తున్నారు, గదులు కట్టిస్తున్నారు. మీ మనసు మంచిది. కానీ గది కడితే దాన్ని నింపడానికి పిల్లలు కావాల్సి వస్తుంది. అమెరికాలో, బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో పిల్లల సంక్షేమంలో, మానసిక వైద్యంలో పనిచేస్తున్న తెలుగువాళ్ళు వారానికి ఒక గంట మాకివ్వండి. బుకారెస్ట్‌లో సోషల్ వర్కర్లకు అనుభవజ్ఞులు ఎలా అండగా ఉన్నారో, సంగారెడ్డి జిల్లా బాలల పరిరక్షణ విభాగం వాళ్ళకు తెలుగులో, ఫోన్‌లో అలా అండగా ఉండండి. ఈ గంటను దేశాల మధ్య సహకారం అనడానికి నాకు సంకోచం లేదు.

చివరిగా ఈ ఊరి వాళ్ళకు. చెల్లెలు చనిపోతే ఆమె పిల్లల్ని తెచ్చుకుని సాదిన అక్కలు మీలో ఉన్నారు. తోటికోడలి బిడ్డకు పాలిచ్చిన తల్లులున్నారు. ఆ గుణం ఎవరూ బయటి నుంచి తెచ్చి ఇవ్వలేరు. దానికి విద్య జోడించడం, ధైర్యం ఇవ్వడం, డబ్బు ఇవ్వడం మాత్రం ప్రభుత్వం బాధ్యత, చదువుకున్నవాళ్ళ బాధ్యత, ప్రపంచం బాధ్యత. ఆపదలో ఉన్న బిడ్డ కనిపిస్తే 1098కి ఫోన్ చేయండి. ఒక బిడ్డకు కొంతకాలం ఇల్లు ఇవ్వగలమనుకునే కుటుంబాలు జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్ళి పేరు నమోదు చేయించుకోండి. తర్ఫీదు ఇవ్వందే బిడ్డను తీసుకోం అని గట్టిగా చెప్పండి. అది మీ హక్కు, ఆ బిడ్డ హక్కు. పది కుటుంబాలు ముందుకు వస్తే ఈ మండలంలోనే ఒక కేంద్రం ఇల్లు మొదలుపెట్టవచ్చు. దుర్గాబాయమ్మను స్మరించుకోవడానికి ఇంతకంటే తగిన పని నాకు తోచడం లేదు.